ఫీజు లేని పై చదువు మన దాకా ఎందుకు రావడం లేదు?



మన గోడ పత్రికలో ప్రతి నెలా సామెతలు, పొడుపు కథలు, సైన్సు సంగతులు వస్తున్నాయి. ఈసారి నేను ఒక పాఠం రాస్తున్నాను. ఇది మన సిలబస్సులో లేదు, పబ్లిక్ పరీక్షలోనూ రాదు. కానీ ఇది తెలియక మా ఇంట్లో ఒకరి చదువు ఆగిపోయింది. అందుచేత రాయాలనిపించింది. కొంచెం పొడుగైనా ఓపికగా చివరిదాకా చదవమని మనవి.

మా అన్నయ్య 2021లో బి.యస్.సి. ఫస్టు క్లాసులో పాసయ్యాడు. మా యానాదుల పేటలో డిగ్రీ దాకా వెళ్ళినవాడు అతనొక్కడే. ఆ సంవత్సరమే మన రాష్ట్రంలో అన్ని యూనివర్సిటీలకు కలిపి పీజీసెట్ అనే ప్రవేశ పరీక్ష మొదటిసారి పెట్టారు. అన్నయ్య రాసాడు, ర్యాంకు కూడా వచ్చింది. నెట్ సెంటరులో కూర్చుని ఆప్షన్లు పెట్టించుకున్నాడు. ఇంటికి దగ్గరగా ఉంటుందని ఒక ప్రైవేటు కాలేజీని అన్నిటికన్నా పైన పెట్టాడు. సీటు అక్కడే వచ్చింది. ఎంతో సంతోషంగా చేరడానికి వెళితే “ఫీజు మీరే కట్టుకోవాలి” అన్నారట. “నేను ఎస్టీని సార్, డిగ్రీ మూడేళ్ళూ ఫీజు లేకుండానే చదివాను” అన్నాడు అన్నయ్య. “డిగ్రీ సంగతి వేరు బాబూ, ప్రైవేటులో పీజీకి ఇప్పుడు ప్రభుత్వం ఇవ్వడం లేదు” అని చెప్పేసారు. నాయన దగ్గర అంత డబ్బు ఎక్కడిది? అన్నయ్య తిరిగి వచ్చేసాడు. ఇప్పుడు కైకలూరు వైపు ఒక చేపల చెరువు మీద కాపలాకు ఉంటున్నాడు.

కాలేజీవాళ్ళు చెప్పింది అబద్ధమేమీ కాదు. అప్పటి నియమమే అలా ఉండేది. యూనివర్సిటీ క్యాంపస్ కాలేజీని పైన పెట్టి, అక్కడ సీటు వచ్చి ఉంటే ఫీజు సాయం వచ్చేది. ఆ ఒక్క ముక్క చెప్పేవాళ్ళు మాకు లేకపోయారు. అందుకే ఈ పాఠం.

1. మూడు మాటలు, మూడు అర్థాలు

మనం అన్నిటినీ కలిపి “స్కాలర్‌షిప్పు” అనేస్తాం. నిజానికి ఇందులో మూడు రకాలున్నాయి.

మొదటిది స్కాలర్‌షిప్పు. తిండికి, పుస్తకాలకు, ఉండడానికి విద్యార్థికి ఇచ్చే డబ్బు ఇది.

రెండవది ఫీజు మినహాయింపు. అంటే కాలేజీ అసలు ఫీజు అడగదు. ఉదాహరణకు ఐ.ఐ.టి.లలో బి.టెక్. ట్యూషన్ ఫీజు 2016లో ఏడాదికి 90 వేల నుంచి 2 లక్షలకు పెంచారు. కానీ ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఆ ట్యూషన్ ఫీజు మొత్తం మాఫీ. హాస్టలు, మెస్సు ఖర్చులు మాత్రం వేరుగా ఉంటాయి.

మూడవది ఫీజు రీయింబర్స్‌మెంటు. కాలేజీ ఫీజు అడుగుతుంది, దానిని మన తరఫున ప్రభుత్వం తర్వాత చెల్లిస్తుంది. మన రాష్ట్రంలో ఎక్కువగా ఉన్నది ఈ పద్ధతే.

రెండవదానికీ మూడవదానికీ తేడా ఏమిటని మీరు అడగవచ్చు. మన కృష్ణా కాలవలను చూడండి. ప్రకాశం బ్యారేజి దగ్గర నీళ్ళు వదిలారని పేపర్లో వస్తుంది. కానీ కోడూరు, నాగాయలంక చివరి భూములకు ఆ నీళ్ళు చేరేసరికి నారు ఎండిపోయే రోజులుంటాయి. రీయింబర్స్‌మెంటు కూడా అంతే. మంజూరైన డబ్బు కాలేజీకి చేరడం ఆలస్యమైతే, ఆ ఆలస్యం వచ్చి విద్యార్థి మీద పడుతుంది. “బాకీ కట్టి సర్టిఫికెట్లు తీసుకెళ్ళు” అంటారు. సర్టిఫికెట్టు చేతికి రాకపోతే పీజీలో చేరేదెలా? మినహాయింపులో ఈ బాధ లేదు, ఎందుకంటే అక్కడ బాకీ అనేదే ఉండదు.

ఒక సంగతి గుర్తుంచుకోండి. చేరే సమయంలో ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి వెంటనే తిరిగి ఇచ్చేయాలని, కాలేజీ దగ్గర ఉంచుకోకూడదని యు.జి.సి. 2018 అక్టోబరులో నోటిఫికేషన్ ఇచ్చింది. ఈ మాట మర్యాదగా చెప్పి అడిగే హక్కు మనకుంది.

2. ఈ సాయం ఎట్లా మొదలయ్యింది?

1913వ సంవత్సరంలో రెండు సంగతులు జరిగాయి. ఒకటి మన దగ్గరలోనే. నేరస్థ తెగల చట్టం అని 1871లో తెల్లవాళ్ళు ఒక చట్టం తెచ్చారు. దాని ప్రకారం కొన్ని కులాలవారు పుట్టుకతోనే దొంగలని రాసుకున్నారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో ఎరుకల వారి కోసం సెటిల్‌మెంటు పెట్టినది ఆ 1913లోనే. సెటిల్‌మెంటు మనుషులు ఊరు దాటాలంటే అనుమతి కావాలి. ఆ చట్టం దేశమంతటా పోయేసరికి 1952 వచ్చింది. మన తాతల కాలంలో బడికి ఎందుకు పోలేదని అడిగేవాళ్ళకు ఇదొక జవాబు.

రెండవ సంగతి. అదే 1913లో అంబేద్కర్ గారు ఓడ ఎక్కి అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీకి పీజీ చదవడానికి వెళ్ళారు. బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్ళు స్కాలర్‌షిప్పు ఇచ్చారు. చదువయ్యాక పదేళ్ళు బరోడాలో ఉద్యోగం చెయ్యాలని షరతు. అంబేద్కర్ గారు 1915లో అక్కడ ఎం.ఏ. పూర్తి చేసారు. ఆలోచించండి మిత్రులారా! ఆయన అప్పటికే బి.ఏ. పాసై ఉన్నారు. బి.ఏ.తోనే ఆగిపోయి ఉంటే ఏదో ఒక ఆఫీసులో గుమాస్తా అయ్యేవారేమో. ఒక మనిషికి పీజీ ఫీజు దొరకడం వల్ల దేశానికి ఎంత మేలు జరిగిందో చూడండి.

తర్వాత అంబేద్కర్ గారు వైస్రాయి కౌన్సిలులో సభ్యుడిగా ఉన్న కాలంలో, 1944లో, ఎస్సీ విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు మొదలయ్యింది. ఎస్టీలకు అది 1948లో వచ్చింది. పోస్ట్ మెట్రిక్ అంటే పదవ తరగతి తర్వాత అన్నమాట. ఇంటర్ నుంచి పి.హెచ్.డి. దాకా అన్నీ అందులోకి వస్తాయి.

ఇక రాజ్యాంగంలో 46వ అధికరణం ఎస్సీ, ఎస్టీల విద్యను ప్రభుత్వం ప్రత్యేక శ్రద్ధతో పెంచాలని చెబుతుంది. 1951లో మొదటి సవరణ ద్వారా 15(4) చేర్చారు. చదువులో మనకు సీట్లు ప్రత్యేకించడానికి ఆధారం అదే. కాబట్టి ఇది ఎవరో దయతలచి పెట్టిన ధర్మం కాదు, రాజ్యాంగం రాసిపెట్టిన బాధ్యత.

మన రాష్ట్రంలో 2008 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంటు పెద్దయెత్తున విస్తరించింది. 2020లో దానికి విద్యా దీవెన అని పేరు పెట్టి, మూడు నెలలకొకసారి తల్లి ఖాతాలో వేసే పద్ధతి తెచ్చారు. అప్పటి నియమం ప్రకారం కుటుంబ ఆదాయం ఏడాదికి 2.5 లక్షలు దాటకూడదు, హాజరు 75 శాతం ఉండాలి. అదే 2020 డిసెంబరులో 77వ నంబరు జీవో వచ్చింది. ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవారికి 2020-21 నుంచి ఈ సాయం లేదని, యూనివర్సిటీ, ప్రభుత్వ కాలేజీల్లో చదివేవారికే ఉంటుందని దాని సారాంశం. మా అన్నయ్యకు తగిలిన దెబ్బ ఇదే.

ప్రభుత్వాలు మారినప్పుడల్లా పథకం పేరు మారుతుంది. డబ్బు ఒకప్పుడు కాలేజీకి, ఒకప్పుడు తల్లి ఖాతాకి వెళ్ళింది. అందుచేత “మా సీనియరుకి వచ్చింది, నాకూ వస్తుంది” అనుకోకూడదు. చేరే సంవత్సరంలో నియమం ఏమిటో ఆ సంవత్సరమే అడిగి తెలుసుకోవాలి.

3. లెక్కలు చూద్దాం

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ప్రతి 100 మందిలో గిరిజనులు 8.6 మంది. 2021-22లో కేంద్ర ప్రభుత్వం చేసిన ఉన్నత విద్యా సర్వే ప్రకారం కాలేజీలు, యూనివర్సిటీల్లో చదివే ప్రతి 100 మందిలో గిరిజనులు 6.3 మంది. సంఖ్యలో చెప్పాలంటే మొత్తం 4.33 కోట్ల మందిలో మనవాళ్ళు 27 లక్షలు. ఉన్నత విద్యలో స్థూల నమోదు నిష్పత్తి అందరికీ కలిపి 28.4 అయితే ఎస్టీలకు 21.2.

అదే సర్వేలో ఇంకో లెక్క ఉంది. ఉన్నత విద్యలో ఉన్న ప్రతి 100 మందిలో దాదాపు 79 మంది డిగ్రీ స్థాయిలో ఉంటే, పీజీలో ఉన్నది 12 మందే. అంటే అందరికీ అది ఇరుకు దారే. మనకు మరీ ఇరుకు.

సీట్లు లేవా అంటే ఉన్నాయి. మన రాష్ట్రంలో ఎస్టీలకు 6 శాతం సీట్లున్నాయి. 40 సీట్ల ఎం.యస్.సి. క్లాసులో 40 × 6 ÷ 100 = 2.4, అంటే ఇద్దరికి చోటుంది. కేంద్ర యూనివర్సిటీల్లో 7.5 శాతం, అంటే అదే క్లాసులో ముగ్గురికి. ఎస్టీ సీటుకి అర్హులైన ఎస్టీ విద్యార్థులు రాకపోతే మన రాష్ట్రంలో అది ఎస్సీలకు వెళుతుంది. వాళ్ళూ మనవాళ్ళే, బాధ లేదు. కానీ సీటు ఉండి మనిషి రాలేదంటే ఆలోచించవలసిన సంగతే కదా!

4. ఫీజు మాఫీ అయినా ఎందుకు రాలేకపోతున్నారు?

నాకు తోచిన కారణాలు నాలుగు.

ఒకటి, ఫీజు ఒక్కటే ఖర్చు కాదు. ఊహకి ఒక లెక్క వేద్దాం. మెస్సుకి నెలకు 2,500 అనుకుంటే 10 నెలలకు 25,000. బస్సు చార్జీలు, పరీక్ష ఫీజు, రికార్డులు, బట్టలు కలిపి ఇంకో 10,000. అంటే ట్యూషన్ ఫీజు సున్నా అయినా ఏడాదికి 35,000 కావాలి. మన గురుకులంలో తిండి, పుస్తకాలు, దుస్తులు అన్నీ ఇస్తున్నారు కాబట్టి ఈ ఖర్చు మనకు కనబడడం లేదు. బయటకు వెళ్ళిన రోజున కనబడుతుంది.

రెండు, ఇంటి ఎదురుచూపు. డిగ్రీ అయ్యేసరికి 20, 21 ఏళ్ళు వస్తాయి. అమ్మా నాయనా కూలికి వెళ్ళి అలసిపోయి ఉంటారు. “ఇంకా రెండేళ్ళా?” అంటారు. వాళ్ళ తప్పు లేదు. చదివే రెండేళ్ళు కూలి రాదు. ఆ రాని కూలి కూడా ఖర్చు కిందే లెక్క.

మూడు, కాగితాలు. మా యానాదుల్లో చాలామందికి పుట్టిన తేదీ పత్రం ఉండదు. చెరువుల వెంట, పొలాల వెంట తిరిగే కుటుంబాలకు రేషను కార్డు ఒక ఊళ్ళో, బతుకు ఇంకో ఊళ్ళో. కుల ధృవీకరణ పత్రం కోసం తిరిగి తిరిగి విసిగిపోతారు. ఎ.కొండూరు తండాల మిత్రులు, ఎరుకల మిత్రులు కూడా ఇలాంటి కష్టాలే చెప్పారు. మన పేరు బడి రికార్డులో ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉంటే ఆన్‌లైనులో ఫారం ముందుకి కదలదు.

నాలుగు, చెప్పేవాళ్ళు లేకపోవడం. ఇది అన్నిటికన్నా పెద్దది. పక్క పెద్ద ఇళ్ళలో ఇంటికొక ఇంజనీరో డాక్టరో ఉంటారు. ఏ ఆప్షన్ ముందు పెట్టాలో అన్నం తింటూ చెప్పేస్తారు. మా పేటలో ఆ మాట చెప్పేవాళ్ళు లేరు. నెట్ సెంటరు అబ్బాయి చెప్పిందే వేదం.

5. వేరే దేశాల్లో ఎట్లా ఉంది?

అమెరికాలో కూడా మనలాంటివారున్నారు. అక్కడి ఆదివాసులను ఇండియన్లనే పిలిచేవారు. కొలరాడో రాష్ట్రంలో ఫోర్ట్ లూయిస్ కాలేజీ ఉంది. ఆ భూమిని 1911లో కేంద్ర ప్రభుత్వం రాష్ట్రానికి ఇచ్చేటప్పుడు, ఆదివాసీ విద్యార్థుల దగ్గర ట్యూషన్ ఫీజు తీసుకోకూడదని షరతు పెట్టింది. వంద సంవత్సరాలు దాటినా ఆ మాట నిలబడింది. కాలిఫోర్నియా యూనివర్సిటీ 2022 నుంచి ఆ రాష్ట్రంలో నివసించే గుర్తింపు పొందిన తెగల విద్యార్థులకు ట్యూషన్ ఫీజు సాయం ప్రకటించింది. డిగ్రీకే కాక పీజీకి కూడా అది వర్తించేటట్లు పెట్టారు.

అక్కడ పి.హెచ్.డి. చేసేవారిలో చాలామందికి ఇంకో దారి ఉంది. చిన్న తరగతులకు పాఠాలు చెప్పినా, లేబరేటరీలో పని చేసినా ఫీజు మాఫీ చేసి నెల జీతం కూడా ఇస్తారు. దాన్ని అసిస్టెంట్‌షిప్ అంటారు. విజయవాడ నుంచి వెళ్ళినవారిలో కొందరు అలా చదువుకున్నవారే. అయితే 2023 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు, కాలేజీ ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోకూడదని తీర్పు ఇచ్చింది. సీట్లు ప్రత్యేకించే హక్కు మన రాజ్యాంగంలోనే రాసి ఉండడం ఎంత విలువైనదో దీన్నిబట్టి తెలుస్తుంది.

6. పీజీ గడప దాటితే ఏమున్నాయి?

పి.హెచ్.డి. చేసే ఎస్టీ విద్యార్థులకు కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ ఏడాదికి 750 ఫెలోషిప్పులు కేటాయించింది. విదేశాల్లో పీజీ, పి.హెచ్.డి. చదవడానికి ఏడాదికి 20 జాతీయ స్కాలర్‌షిప్పులు పెట్టారు. అందులో 3 చెంచుల వంటి మరీ వెనుకబడిన తెగలకు. కానీ పి.హెచ్.డి. ఫెలోషిప్పు తీసుకోవాలంటే ముందు పీజీ ఉండాలి. మెట్టు ఎక్కకుండా మేడ మీదకి పోలేము. అందుకే పీజీ దగ్గర ఆగిపోవడం అంటే ఆ పైనున్నవన్నీ పోగొట్టుకోవడమే.

7. మనం చెయ్యవలసినవి

(అ) మన పేరు, ఇంటి పేరు, పుట్టిన తేదీ బడి రికార్డులోనూ ఆధార్‌లోనూ ఒకేలా ఉన్నాయో లేదో పదవ తరగతి పరీక్ష ఫీజు కట్టకముందే చూసుకోవాలి. తర్వాత దిద్దడం చాలా కష్టం.

(ఆ) కుల ధృవీకరణ పత్రం సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడే తీసుకోవాలి. నాలుగు జిరాక్సులు తీసి, ఒరిజినల్ ప్లాస్టిక్ కవరులో పెట్టాలి. మా గుడిసెలో వానకి ఒకసారి కాగితాలన్నీ తడిసిపోయాయి.

(ఇ) డిగ్రీ ఆఖరి సంవత్సరంలోనే పీజీసెట్‌కి, కేంద్ర యూనివర్సిటీల కోసం సి.యు.ఇ.టి. పీజీకి దరఖాస్తు పెట్టాలి.

(ఈ) ఆప్షన్లలో యూనివర్సిటీ క్యాంపస్, ప్రభుత్వ కాలేజీలు ముందు పెట్టాలి. మనకు దగ్గరలో 1976లో పెట్టిన నాగార్జున యూనివర్సిటీ, మచిలీపట్నంలో 2008లో పెట్టిన కృష్ణా యూనివర్సిటీ ఉన్నాయి. 2019లో విజయనగరంలో మొదలైన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం కూడా ఉంది.

(ఉ) చేరే ముందు మూడు ప్రశ్నలు అడగాలి. ఈ కోర్సుకి ఈ ఏడాది ఫీజు సాయం ఉందా? డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది? హాస్టలు సీటు ఇస్తారా?

(ఊ) హాజరు తగ్గనివ్వకూడదు.

8. వార్డెన్ మాస్టారికి ఒక మనవి

సార్, మన హాస్టల్లో చదివి వెళ్ళిన పాత విద్యార్థులు ఎవరు ఎక్కడ చదువుతున్నారో ఒక రిజిస్టరు పెడితే బాగుంటుంది. ఏడాదికి ఒకసారి ఒక్కరినైనా పిలిచి మాతో మాట్లాడించండి. ప్రవేశ పరీక్షల తేదీలు, ఫీజు నియమాలు మారినప్పుడు ఈ గోడ పత్రిక పక్కనే ఒక కాగితం అంటిస్తే మేము ఇళ్ళకు కూడా చెప్పుకుంటాం. దీనికి పెద్ద ఖర్చు లేదు సార్. జిగురు, కాగితం మేమే తెచ్చుకుంటాం.

చివరిగా ఒక మాట. సంక్రాంతి సెలవుల్లో అన్నయ్య దగ్గరకు చెరువు మీదకి వెళ్ళాను. తాటాకు పాకలో అతని పాత కెమిస్ట్రీ నోట్సు ఇంకా ఉంది. చెరువు నీళ్ళలో పి.హెచ్. ఎంత ఉందో, సున్నం ఎప్పుడు చల్లాలో రైతుకి అన్నయ్యే చెబుతున్నాడు. “మళ్ళీ రాయొచ్చు కదా అన్నయ్యా” అంటే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత “ఆప్షన్లు ఎట్లా పెట్టాలో నీకు తెలుసా తమ్ముడూ?” అని అడిగాడు. అప్పుడు తెలియదు. అందుకే లైబ్రరీలో, మాస్టార్లను అడిగి ఇదంతా నేర్చుకున్నాను. ఈసారి నోటిఫికేషన్ వచ్చినప్పుడు నెట్ సెంటరులో అన్నయ్య పక్కన నేను కూర్చుంటాను.

అభ్యాసం (జవాబులు పైన పాఠంలోనే ఉన్నాయి)
1. ఫీజు మినహాయింపుకీ రీయింబర్స్‌మెంటుకీ తేడా ఏమిటి?
2. ఎస్టీలకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు ఏ సంవత్సరంలో మొదలయ్యింది?
3. 60 సీట్ల క్లాసులో 6 శాతం చొప్పున ఎస్టీలకు ఎన్ని సీట్లు వస్తాయి?
4. చేరే ముందు అడగవలసిన మూడు ప్రశ్నలు ఏవి?

తప్పులుంటే మన్నించగలరు.

ఇట్లు
మీ తోటి విద్యార్థి,
పదవ తరగతి